మొదటిసారి మట్టిబాట: ఏమీ మార్చని బ్రెజాతో హైదరాబాద్ చుట్టుపక్కల ఎక్కడికి వెళ్లొచ్చు?

నిజాంపేట్_బ్రెజా | నవంబర్ 3, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను కానీ పోస్టు పెట్టడం ఇదే మొదలు. నాది 2023 బ్రెజా, పెట్రోల్, మాన్యువల్. షోరూం నుంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ అలాగే ఉంది, టైర్లతో సహా. ఆఫీసు, అత్తగారి ఊరు, ఒకసారి శ్రీశైలం, ఇంతవరకే దాని ప్రయాణం. మా నాన్న ఎడ్లబండి తోలిన బాటలు ఊళ్లో ఇంకా ఉన్నాయి. దసరాకి వెళ్లినప్పుడు ఆ బాటలోకి కారు దించబోయి, ధైర్యం చాలక వెనక్కి తిప్పేశాను. అప్పటి నుంచి మట్టిలో నడపడం పద్ధతిగా నేర్చుకోవాలని ఉంది.

నా ప్లాన్ ఇది. ఆదివారం పొద్దున్నే బయల్దేరి వికారాబాద్ దగ్గరి అనంతగిరి వెళ్లి, అడవి లోపలి మట్టిదారుల్లో ఓ పది కిలోమీటర్లు నడిపి, అక్కడి నుంచి కోట్‌పల్లి ప్రాజెక్టు చూసుకుని, చీకటి పడేలోపు ఇంటికి రావడం. నేను, మా ఆవిడ, ఏడేళ్ల బాబు. బండి ఒక్కటే. గ్రౌండ్ క్లియరెన్స్ 198 మి.మీ. అంటున్నారు. సరిపోతుందా? టైర్లు మార్చాలా? ఏమేం కొనాలి?

అడవి_గాలి | నవంబర్ 3, రాత్రి 10:15

బ్రదర్, ఆ అడవి లోపలి పది కిలోమీటర్లు ప్లాన్‌లోంచి తీసేయండి. అది రిజర్వ్ ఫారెస్ట్. ఘాట్ మీద తారు రోడ్డు, అనంత పద్మనాభస్వామి గుడి, అక్కడి వరకు ఎవరైనా వెళ్లొచ్చు. పక్కనుంచి లోపలికి దిగే మట్టిదారులు ఫారెస్టు వాళ్లు గస్తీకి, ఎండాకాలం మంటలు ఆర్పడానికి వాడుకునేవి. అనుమతి లేకుండా బండితో దిగితే అటవీ చట్టం కింద కేసు అవుతుంది, బండి కూడా పట్టుకుపోవచ్చు.

కేసు సంగతి పక్కన పెట్టినా, నేను అక్కడికి పక్షుల కోసం ఏళ్లుగా వెళ్తున్నాను. ఒక జూలైలో ఎవరో వాలు మీద బండి ఎక్కించి వెళ్లారు. చక్రాలు తిరిగిన చోట రెండు గాడులు, జానెడు లోతు కూడా లేవు. వానాకాలం అయ్యాక మళ్లీ వెళ్తే ఆ గాడుల్లో ఒకటి మోకాలి లోతు కాలువ అయింది. దాని అంచున ఒక చెట్టు వేళ్లు సగం బయటపడి వేలాడుతున్నాయి. మూసీ పుట్టేది ఆ గుట్టల్లోనే అని గుర్తుంచుకోండి.

నర్సాపూర్ అడవికి, చిలుకూరు మృగవనికి కూడా ఇదే మాట. దామగుండం వైపు అసలే వద్దు. అక్కడ నేవీ రేడియో కేంద్రానికి 2024 అక్టోబర్‌లో శంకుస్థాపన జరిగింది.

వీకెండ్_చక్రం | నవంబర్ 3, రాత్రి 11:02

అంత దూరం ఎందుకన్నా? గండిపేట, హిమాయత్‌సాగర్ అంచుల్లో నీళ్లు వెనక్కి తగ్గినచోట పెద్ద మైదానంలా ఉంటుంది. చదును, రాళ్లుండవు, మొదటిసారికి అదే ఈజీ. టైర్లలో గాలి 18 పీఎస్ఐకి దించేసి తిరగొచ్చు.

రేగడి_బిడ్డ | నవంబర్ 4, ఉదయం 6:50

తమ్మీ, చెరువు అడుగు చదునుగా కనిపిస్తది, అక్కడే మోసం. పైన ఎండి పెంకు కడుతది, కింద గటక లెక్క ఉంటది. నేను ఇది అనుభవంతో చెప్తున్న.

మాది చేవెళ్ల అవతల పల్లె. ఉద్యోగం సిటీల. రెండేండ్ల కింద శంకర్‌పల్లి దగ్గర మా మేనమామ చేనుకు పోయిన. వాన పడి నాలుగు రోజులైంది, పైన పొడిగనే ఉంది. ఇరవై అడుగులు పోంగనే స్టీరింగ్ తేలికైపోయింది. దిగి చూస్తే టైరు గాడులన్నీ నల్లమట్టితోని నిండిపోయి, టైరు నున్నటి గుండు లెక్క అయింది. ఇంకొంచెం యాక్సిలరేటర్ తొక్కిన. బండి ముందుకు పోలే, కిందికి పోయింది. ఫుట్‌బోర్డు మట్టికి ఆనింది. డోరు తీస్తే మట్టిని గీకుకుంట తెరుచుకుంది. ట్రాక్టర్ వచ్చేదాకా మూడు గంటలు.

అప్పుడు మా మామ చూపించిన పరీక్ష చెప్త. మట్టి పిడికెడు తీసుకొని గట్టిగ నొక్కాలె. చెయ్యి తెరిచినంక పొడిపొడిగ రాలితే బండి దించొచ్చు. ముద్ద కట్టి వేళ్లకు అంటుకుంటే కారు తారు మీదనే ఆపాలె. ఎర్ర చెలక, మొరం నేల అయితే వాన ఆగిన రెండు మూడు రోజులకే గట్టి పడుతది. నల్లరేగడి మాత్రం పదిరోజులైనా నమ్మొద్దు.

ఇంకోటి. ఆ రెండు చెరువులు 1908 మూసీ వరద తర్వాత కట్టినవి, ఒకటి 1920 సంవత్సరంల, ఇంకోటి 1927 సంవత్సరంల. సిటీ ఇప్పటికీ ఆ నీళ్లు తాగుతుంది. అందుల బండి దిగబడి ఆయిల్ కారితే ఎవరి గొంతులకు పోతది?

వీకెండ్_చక్రం | నవంబర్ 4, ఉదయం 8:20

తాగునీటి సంగతి నేను ఆలోచించలేదు అన్నా. ఆ సలహా వెనక్కి తీసుకుంటున్నాను. గాలి 18 మాత్రం ఇసుకలో అందరూ పెడతారు కదా?

పాత_డస్టర్ | నవంబర్ 4, మధ్యాహ్నం 1:30

18 వద్దు. మన బండ్లకి వచ్చేవి రోడ్డు టైర్లు, పక్క గోడ పల్చగా ఉంటుంది. అంత తక్కువ గాలితో రాయి అంచున స్టీరింగ్ తిప్పితే టైరు రిమ్ నుంచి ఊడిపోతుంది, లేదా పక్క గోడ చీరుతుంది. పక్క గోడ చీరితే పంచర్ వేయడం కుదరదు. డోర్ దగ్గర స్టిక్కర్ మీద 33 ఉంటే మట్టిబాటకి 25, 26 చాలు. టైరు కొంచెం పరుచుకుంటుంది, పట్టు పెరుగుతుంది, లోపల కుదుపూ తగ్గుతుంది. మళ్లీ తారు ఎక్కేముందు గాలి నింపాకే స్పీడ్ పెంచాలి.

నిజాంపేట్ గారూ, మీ అసలు ప్రశ్నకి వస్తాను. 198 మి.మీ. చాలు. కానీ ఆ లెక్క బండి నడుము కింద ఉన్న ఖాళీ గురించే చెప్తుంది. మనుషులు, సామాను ఎక్కితే అది కొంత తగ్గుతుంది. మనలాంటి బండ్లకి ముందు తగిలేది బంపర్ కింది పెదవి. అందుకే గుంత గానీ గట్టు గానీ వస్తే తిన్నగా కాకుండా ఏటవాలుగా, ఒక చక్రం తర్వాత ఒక చక్రం దింపాలి. అలాగని మరీ అడ్డంగా పోతే ఎదురెదురు మూలల చక్రాలు గాల్లోకి లేస్తాయి. ముందు చక్రం ఒకటి గాల్లో ఉంటే ఇంజన్ బలమంతా దానికే పోయి అది ఊరికే తిరుగుతుంది, నేల మీద ఉన్న చక్రం కదలదు. అప్పుడు యాక్సిలరేటర్ కొద్దిగా పట్టి ఉంచి, ఎడమ కాలితో బ్రేకు మెల్లగా నొక్కండి. తిరిగే చక్రానికి అడ్డు తగిలి బలం రెండోవైపుకీ వెళ్తుంది. హ్యాండ్‌బ్రేక్ ఇక్కడ పనికిరాదు, అది వెనక చక్రాలకి, మన బండి నడిచేది ముందు చక్రాలతో.

ఎక్కుడు దగ్గర ఇంకో కష్టం ఉంది. బండి ముక్కు పైకి లేస్తే బరువు వెనక్కి జారుతుంది, నడిపించే ముందు చక్రాలకే పట్టు తగ్గుతుంది. నా డస్టర్ నాలుగు చక్రాలతో లాగుతుంది కాబట్టి నేను ఎక్కిన ప్రతి గుట్టా మీరు ఎక్కాలని చూడొద్దు. ఆగిపోతే అదే గీతలో రివర్స్‌లో తిన్నగా దిగండి. వాలు మీద బండిని అడ్డం తిప్పడం మాత్రం ఎప్పుడూ చేయకండి, దొర్లుతుంది.

ఇవన్నిటికంటే ముందు చేయాల్సింది, దిగి నడవడం. అనుమానం ఉన్న ప్రతి చోటా. నేను ఇరవై ఏళ్లుగా నడుపుతున్నా ఇప్పటికీ దిగి చూస్తాను.

సైనిక్‌పురి_అక్క | నవంబర్ 4, సాయంత్రం 7:10

ఒక్క బండితో వెళ్లకండి. పిల్లాడిని పెట్టుకుని, ఫోన్ సిగ్నల్ లేని చోట దిగబడితే ఆ టెన్షన్ మీకెందుకు? నాది నెక్సాన్, నేనూ ఈ ఏడాదే నేర్చుకున్నాను. తేదీ చెప్తే నేను, మా చెల్లెలు రెండో బండిగా వస్తాం.

ఇంకో మాట. మీ ఆవిడ కూడా డ్రైవింగ్ చేస్తారా? చేస్తే ఆవిడకీ సగం దూరం ఇవ్వండి. మా మొదటి ట్రిప్‌లో నలుగురం ఆడవాళ్లం పక్క సీట్లలోనే కూర్చున్నాం, స్టీరింగ్ ఎవరూ ఇవ్వలేదు. ఒకవేళ నడిపే మనిషికి దెబ్బ తగిలితే ఆ బాటలోంచి బండిని బయటికి తేవడం ఇంకొకరికి తెలిసి ఉండాలి కదా.

నీళ్ల విషయం బాధతో చెప్తున్నాను. కిందటేడు వాగు దాటుతుంటే మా బావగారి కారు మధ్యలో ఆగింది. కంగారులో ఆయన మళ్లీ స్టార్ట్ చేశారు. ఇంజన్ నీళ్లు తాగేసింది, లోపల రాడ్లు వంగాయి. ఇన్సూరెన్స్ వాళ్లు ఇంజన్ ప్రొటెక్షన్ తీసుకోలేదని క్లెయిమ్ ఇవ్వలేదు. మీ పాలసీ కాగితం ఒకసారి తీసి చదవండి. నీళ్లలో ఇంజన్ ఆగితే తాళం ముట్టుకోకూడదు, తోసుకుని బయటికి తేవాలి.

మల్కాజ్‌గిరి_గ్యారేజ్ | నవంబర్ 4, రాత్రి 10:45

షెడ్డు కట్టేసి ఇప్పుడే చూశాను. టైర్లు మార్చొద్దు సార్, ఆ డబ్బు మిగుల్చుకోండి. కొనాల్సింది గాలి కొట్టే చిన్న మెషిన్, గాలి చూసే మీటర్, ట్యూబ్‌లెస్ పంచర్ కిట్, మంచి టోయింగ్ బెల్టు, ఒక చిన్న పార. జాకీ కింద వేయడానికి అడుగు వెడల్పు చెక్క ముక్క ఒకటి పెట్టుకోండి, లేకపోతే మట్టిలో జాకీ దిగిపోతుంది, బండి లేవదు. గాలి మెషిన్ ఇంజన్ నడుస్తుండగానే వాడండి. లైటర్ సాకెట్‌కి మించి కరెంటు లాగే పెద్ద మెషిన్ అయితే ఫ్యూజు పోతుంది. స్టెప్నీలో గాలి ఎంతుందో ఇప్పుడే చూడండి, నా దగ్గరికి వచ్చే బండ్లలో చాలావాటికి సగం గాలి కూడా ఉండదు.

టూల్ కిట్‌లో టోయింగ్ హుక్ ఉంటుంది, బంపర్ మీద చిన్న మూత తీసి అందులో బిగించాలి. ఇంట్లోనే ఒకసారి బిగించి చూసుకోండి, బురదలో కూర్చుని వెతుక్కోవద్దు. ఆ హుక్ ఆగిపోయిన బండిని రోడ్డు మీద మెల్లగా లాగడానికి ఇచ్చింది. దిగబడిన బండిని జెర్క్ ఇచ్చి గుంజితే అది ఊడి బుల్లెట్‌లా వస్తుంది. అందుకే ముందు చక్రాల ముందున్న మట్టి పారతో తీసేయాలి, తర్వాత బెల్టు బిగుతయ్యేదాకా మెల్లగా వెళ్లి లాగాలి. బెల్టు దగ్గర ఎవరూ నిలబడకూడదు, దాని మీద ఒక మందపాటి దుప్పటి వేయండి.

క్లచ్ సంగతి: ఎక్కుడు మీద హాఫ్ క్లచ్‌తో బండిని పట్టి ఉంచొద్దు. కాలిన వాసన వస్తే ఆపి, న్యూట్రల్ చేసి, పావుగంట ఆగండి.

రాయి తగిలిన చప్పుడు కింద నుంచి వస్తే ఆగి వంగి చూడండి. ఇంజన్ కింది ఆయిల్ చాంబర్ పగిలి ఆయిల్ కారుతుంటే, లేదా ఎర్రటి ఆయిల్ లైటు వెలిగితే, ఆ క్షణమే ఇంజన్ ఆపాలి. ఊరి దాకా వెళ్దాంలే అనుకుంటే ఇంజన్ పట్టేస్తుంది.

ఎండుగడ్డి ఉన్న చోట బండి ఆపి ఇంజన్ ఆన్‌లో పెట్టుకోవద్దు. సైలెన్సర్ ముందు భాగం బాగా కాలి ఉంటుంది, గడ్డి ఇరుక్కుంటే అంటుకుంటుంది.

బోయిన్‌పల్లి_ఆటోమేటిక్ | నవంబర్ 5, ఉదయం 9:05

నాది డ్యుయల్ క్లచ్ ఆటోమేటిక్. నేనూ రావచ్చా?

మల్కాజ్‌గిరి_గ్యారేజ్ | నవంబర్ 5, ఉదయం 9:30

చదునైన మట్టిబాటకి రావచ్చు. మీది డ్రై క్లచ్ (ఆయిల్‌లో మునిగి ఉండనిది) అయితే, ఎక్కుడు మీద పాకించినట్టు నడిపితే త్వరగా వేడెక్కుతుంది, మీటర్‌లో వార్నింగ్ వస్తుంది. వచ్చిన వెంటనే ఆపండి.

రేగడి_బిడ్డ | నవంబర్ 5, రాత్రి 8:15

నిజాంపేట్ అన్నా, మా ఊరికి రండి. మా పెద్దనాయిన పొలాలకు పోయే బండ్ల బాట ఉంది, మొత్తం మూడు కిలోమీటర్లు. ఒకటిన్నర కిలోమీటరు ఎర్ర చెలక, మధ్యల ఒక ఒర్రె (చిన్న వాగు), అవతల మొరం గుట్ట, దాని మీద పెద్ద వేపచెట్టు. మూడు కిలోమీటర్లు తక్కువ అనుకోకండి. నేర్చుకునేటోనికి అందుల అన్నీ ఉన్నయి.

రెండు షరతులు. పత్తి ఏరే కాలం ఇది, బాట మీద మనుషులు, ఎడ్లు, ఆటోలు ఉంటరు, వాళ్లకు తొవ్వ ఇచ్చుడే మన పని. గాడి తప్పి చేన్లకు ఒక్క చక్రం పోవద్దు, కంది పూత మీదుంది. అక్టోబర్ ఆఖరు వానలకు ఒర్రెల ఇంకా చెమ్మ ఉంది, ఇరవై రోజులు ఆగుదాం.

నిజాంపేట్_బ్రెజా | నవంబర్ 6, రాత్రి 9:20

చదివి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. నేను పది కిలోమీటర్ల అడవి అనుకున్నది ఎంత తెలియక అనుకున్నానో అర్థమైంది. అందరికీ మనస్ఫూర్తిగా థ్యాంక్స్.

కొత్త ప్లాన్: నవంబర్ 23 ఆదివారం. పొద్దున 5:30కి ఔటర్ మీద అప్పా జంక్షన్ దగ్గర కలుద్దాం. మొయినాబాద్ మీదుగా చేవెళ్ల. ఆ రోడ్డు మీద టిప్పర్లు ఎక్కువ కాబట్టి మర్రిచెట్ల భాగంలో ఓవర్‌టేకింగ్ ఎవరూ చేయొద్దు. ఏడున్నరకల్లా ఊళ్లో ఉంటాం, పదకొండుకి బయటపడతాం. రెండు రోజుల ముందు నుంచి వాన పడితే రద్దు. మా ఆవిడ ఒర్రె దాకా నడుపుతానంది.

నిజాంపేట్_బ్రెజా | నవంబర్ 23, రాత్రి 10:30

వెళ్లొచ్చాం. అలసటగా ఉంది కానీ రాయకుండా నిద్రపట్టదు.

గాలి 26కి దించుకుని బయల్దేరాం. మొదటి ఒకటిన్నర కిలోమీటరు మా ఆవిడే నడిపింది, సెకండ్ గేర్‌లో, ఒక్కసారి కూడా తొందరపడలేదు. నేను పక్కన కూర్చుని కాళ్లు బిగబట్టాను. గాడి మధ్యలో గడ్డి ఎత్తుగా ఉన్నచోట ఒక చక్రం గాడి అంచు మీద, ఇంకోటి నడిమి గట్టు మీద పెట్టి నడపమని రేగడి_బిడ్డ తమ్ముడు చూపించాడు. రాయి చప్పుడు ఒక్కటీ రాలేదు.

ఒర్రె దగ్గర అందరం దిగాం. నీళ్లు లేవు, అడుగున ఇసుక. కారులోంచి చూస్తే చిన్న పల్లంలా అనిపించింది, కిందకి దిగి నిలబడితే అవతలి గట్టు నా మోకాలు దాటి ఉంది. మా బాబు పిడికెడు మట్టి తీసి నొక్కి చూపించాడు, పొడిగానే రాలింది. నేను మొదటిసారి తిన్నగా దిగబోయాను. బంపర్ పెదవికి, మట్టికి మధ్య రెండు వేళ్ల సందే ఉందని సైనిక్‌పురి అక్క చెయ్యెత్తి ఆపారు. వెనక్కి తీసుకుని ఏటవాలుగా దించాను. ముందు ఎడమ చక్రం అవతలి గట్టు ఎక్కింది, కుడి చక్రం గాల్లోకి లేచి గిర్రున తిరిగింది, బండి ఆగింది. డస్టర్ గారు చెప్పింది గుర్తొచ్చి ఎడమ కాలితో బ్రేకు కొద్దికొద్దిగా నొక్కాను. ఒక క్షణం ఏమీ కాలేదు. తర్వాత బండి ఒక్క కుదుపు ఇచ్చి మెల్లగా పైకి పాకింది. అవతల ఆపి దిగేసరికి నా చొక్కా తడిసిపోయి ఉంది.

మొరం గుట్ట సగం వరకే ఎక్కాం. చక్రాలు రాళ్లు విసరడం మొదలుపెట్టాయి, క్లచ్ వాసన కొంచెం వచ్చింది. నాకు ఇంకోసారి ప్రయత్నించాలని గట్టిగా అనిపించింది. మా ఆవిడ ‘వేపచెట్టు దాకా నడిచే పోదాం’ అంది. తిన్నగా రివర్స్‌లో దిగి, బండ్లు కిందే పెట్టి నడిచి ఎక్కాం. పైన కూర్చుని రేగడి_బిడ్డ వాళ్ల పెద్దమ్మ పంపిన జొన్నరొట్టె, పచ్చడి తిన్నాం. మా ఆవిడ వద్దంటున్నా బాబు రెండో రొట్టె అడిగి తీసుకున్నాడు.

తిరుగు దారిలో పత్తి మూటలతో ఆటో ఎదురొచ్చింది. వంద గజాలు రివర్స్‌లో వెళ్లి తొవ్వ ఇచ్చాం. ఆ రోజు మొత్తంలో నాకు అన్నిటికంటే కష్టమైన డ్రైవింగ్ అదే. ఒక టైరులో తుమ్మముల్లు దిగింది, పీకలేదు, గాలి దిగలేదు కాబట్టి అలాగే ఇంటికి తెచ్చాను.

సైనిక్‌పురి_అక్క | నవంబర్ 23, రాత్రి 11:00

ఒర్రె మీ ఆవిడ కూడా తిరుగు ప్రయాణంలో దాటిందని రాయడం మర్చిపోయారు. ఒక్క బ్రేకు నొక్కుతో దాటింది. అది కూడా నమోదు కావాలి.

మల్కాజ్‌గిరి_గ్యారేజ్ | నవంబర్ 24, ఉదయం 8:10

ముల్లు పీకకుండా మంచి పని చేశారు. వీలున్న రోజు బండి తీసుకురండి, లిఫ్ట్ మీద ఎక్కించి కింద ప్లాస్టిక్ కవర్ క్లిప్పులు, సైలెన్సర్ చుట్టూ గడ్డి చూస్తాను. ముల్లు అప్పుడే తీసి ప్యాచ్ వేస్తా. గాలి మళ్లీ 33 చేశారా?

నిజాంపేట్_బ్రెజా | నవంబర్ 24, ఉదయం 8:25

బాట దిగగానే ఊరి బడి ముందే నింపేశాం అన్నా. బుధవారం వస్తాను.

రేగడి_బిడ్డ | నవంబర్ 24, రాత్రి 9:00

పెద్దనాయిన పొద్దున బాట మొత్తం నడిచి చూసిండట. చేన్లకు ఎక్కడ కూడా చక్రం పోలేదని చెప్పిండు. కంది కోసినంక, సంక్రాంతి దాటినంక మళ్లీ రమ్మన్నడు. ఈసారి డస్టర్ సార్‌ను కూడా తీసుకురమ్మన్నడు.